పోలీసువారు ఇల్లు సోదా చేయ వచ్చినప్పుడు



ఒక రాత్రి మా సోలాపూరు నేతపేటలో పోలీసువారు చెప్పకుండ ఒక ఇంట ప్రవేశించి లెక్కల పుస్తకము పట్టుకొనిపోయిరి. కాగితము అడుగవలెనని మాలో నొకరికిని తోచలేదు. కనుక మూడు సంగతులు నేర్చుకొందము.

1. అడుగుట: వారంటు ఉన్నదా అని మర్యాదగా అడుగవచ్చును. చూపినయెడల దారి ఇవ్వవలెను. ఆలస్యమైతే వస్తువు చిక్కదని తోచినప్పుడు అధికారి వారంటు లేకనే వెదకవచ్చును గాని, కారణము ముందుగా వ్రాసిపెట్టవలెను. అరెస్టు చేయవలసినవాడు లోపల నున్నాడని నమ్మినప్పుడును రావచ్చును.

2. చూచుట: సోదాకు పేటలోని పెద్దమనుష్యులు ఇద్దరైనను సాక్షులుగా ఉండవలెను. ఇంటివారు దగ్గర నిలువవచ్చును. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను. 2024 జులై 1న అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారము సోదాను వీడియో తీయవలెను.

3. తీసికొనుట: పట్టుకొనిన వస్తువుల జాబితా నకలు తప్పక తీసికొనవలెను.

1962లో ఖరక్ సింగ్ కేసులో, అనుమానితుల ఇండ్లకు రాత్రివేళ పోవు పోలీసు నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసినది. అయినను అడ్డుపడవద్దు. అన్యాయము జరిగినయెడల తేదీ, వేళ వ్రాసికొని న్యాయవాదిని కలిసికొనుడి.

ఈ పాఠమును స్త్రీలకు చదివి వినిపించుడి. మనము సాంచాలకు పోయిన వేళ, బీడీలు చుట్టుచు ఇంటనుండి తలుపు తీయువారు వారే గదా.