నీళ్లకు బెదిరే పసివాడికి ఏ సాధనం?

ప్రశ్న: మూడేళ్ల బాబు అపార్ట్‌మెంట్ ఈత కొలనులో దిగడానికే భయపడుతున్నాడు. చేతులకు తొడిగే గాలి పట్టీలు మంచివా, వీపుకు కట్టే ఫోమ్ పలకలా?

జవాబు: సాధనం బిడ్డను ఎంత తేలుస్తుందన్న దానికంటే, నీటిలో అతని శరీరాన్ని ఏ భంగిమలో నిలుపుతుందన్నదే ముఖ్యం. గాలి పట్టీలు పిల్లవాణ్ణి నిటారుగా ఉంచుతాయి. ఈతకు కావలసినదేమో నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకునే భంగిమ కాబట్టి, నిటారు స్థితికి అలవాటుపడిన పిల్లలు పట్టీలు తీయగానే మునుగుతారు, మొదటి భయం రెట్టింపవుతుంది. పైగా ఆ పట్టీలకు చిల్లు పడవచ్చు, అవి జారిపోవచ్చు. వీపుకు కట్టే ఫోమ్ పలకలు నడుమును పైకి ఎత్తి చేతులను స్వేచ్ఛగా వదులుతాయి. ధైర్యం పెరిగేకొద్దీ వాటిని ఒక్కొక్కటిగా తగ్గించే వీలుండటం మరో సుగుణం. వీపుకు బెండ్లు కట్టి దిగుడుబావుల్లో ఈత నేర్పిన పల్లె పెద్దలు అనుసరించినదీ ఈ పద్ధతినే.

మెడకు తొడిగే గాలి ట్యూబులు పసిపిల్లలకు ప్రమాదకరమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. అవి అసలే వద్దు.

అయితే ఇవేవీ లైఫ్ జాకెట్లు, అంటే స్పృహ తప్పినా ముఖాన్ని నీటిపైన ఉంచేలా రూపొందించే రక్షణ కవచాలు, కావు. అందువల్ల పెద్దవారు చేయి చాస్తే అందేంత దూరంలో నీటిలోనే ఉండాలి. ప్రతిసారీ కొంతసేపు పలకలు విప్పి, బిడ్డను చేతులపై పడుకోబెట్టి, నీటిలోకి బుడగలు ఊదించాలి.