పంపింగ్ తగ్గిన గుండె: నేను నేర్చుకున్న పాఠాలు

గుండెపోటు వచ్చినవాళ్ల ఇంట్లోవాళ్లు మొదట అడిగే ప్రశ్న “పంపింగ్ ఎంతుంది డాక్టర్ గారూ?” అంటే, గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందని. వెంటనే రెండోది: “మళ్లీ మామూలవుతుందా?” గుండె వైద్యుడిగా నేను పనిచేసిన కాలమంతా ఈ రెండో ప్రశ్నకు జవాబు మారుతూనే వచ్చింది. ఆ మార్పులో నాకు తెలిసివచ్చినవి ఇవి.

1. చచ్చిన కండ రాదు, స్తంభించిన కండ వస్తుంది.

రక్తం అందక చనిపోయిన కండ స్థానంలో మచ్చ పడుతుంది. అది ముడుచుకోలేదు. అయితే పోటు వచ్చిన మర్నాడు ఎకోలో కదలని గోడంతా చచ్చినట్టు కాదు. రక్తం తిరిగి అందినా కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పనిచేయకుండా ఉండిపోయే కండ ఉంటుంది. బ్రౌన్‌వాల్డ్, క్లోనర్ 1982లోనే దీన్ని వివరించారు. రక్తం చాలక చాలాకాలంగా పని తగ్గించుకున్న కండ వేరే రకం. స్టెంటో బైపాసో చేశాక అదీ కొంత తేరుకోవచ్చు. అందుకే, గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ పరికరం పెట్టాలా వద్దా అన్నది సాధారణంగా పోటు వచ్చిన 40 రోజులకు, స్టెంటో బైపాసో అయితే 90 రోజులకు మళ్లీ ఎకో తీసి తేలుస్తాం. రెండో రోజు పంపింగ్ 35 శాతం అని చూసి ఇల్లంతా ఏడవాల్సిన పని లేదు.

2. మొదటి గంటకు సాటి వచ్చే మందు లేదు.

ఇటలీలో జరిగి 1986లో వెలువడిన గిస్సీ పరిశోధనలో, నొప్పి మొదలైన గంటలోపే రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ అందినవాళ్లలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. గంటలు గడిచేకొద్దీ ఆ లాభం తరిగిపోయింది. మనవాళ్లేమో గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

3. ఆకారం చెడితే బలం పోతుంది.

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పోటు తర్వాత మచ్చ పడిన చోట గోడ పలచబడి సాగుతుంది. గుండె గది పెద్దదవుతుంది. గది వ్యాసం పెరిగేకొద్దీ ప్రతి కండపోగు మీదా లాగుడు పెరుగుతుంది. కాడిలో ఒక ఎద్దు కుంటితే బరువంతా రెండోదాని మీద పడినట్టు, బాగున్న కండే అదనంగా మోసి మోసి అలసిపోతుంది. అంటే జబ్బు పోటుతో ఆగదు, నెలల తరబడి సాగుతూ ఉంటుంది.

ఈ సాగుడును ఆపినవి మామూలు మాత్రలు. పంపింగ్ 40 శాతం, అంతకంటే తక్కువ ఉన్న 2,231 మందితో చేసిన సేవ్ పరిశోధన 1992లో వెలువడింది. అందులో క్యాప్టోప్రిల్ మరణాలను 19 శాతం తగ్గించింది. బ్రెజిల్‌లోని ఒక పాము విషం మీద జరిగిన పరిశోధనల నుంచి పుట్టిన మందు అది!

గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల కథ ఇంకా గొప్పది. బలహీనపడ్డ గుండెకు వాటిని ఇవ్వకూడదని మాకు నేర్పారు. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్ బృందం 1975లో అందుకు ఎదురు నిలిచింది. 2001 నాటి కాప్రికార్న్‌ పరిశోధనలో, పోటు తర్వాత పంపింగ్ తగ్గినవాళ్లలో కార్వెడిలాల్ అనే బీటా బ్లాకర్ మరణాలను 23 శాతం తగ్గించింది. తర్వాత ఎప్లెరినోన్, సాకుబిట్రిల్, షుగర్ మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ తోడయ్యాయి. సాగిన గది తిరిగి చిన్నదవడం ఎకోలో కళ్లారా చూశాను. వైద్యంలో నాకు ఇంతకంటే సంతోషం కలిగించింది మరొకటి లేదు.

4. కొలత బాగుపడితే సరిపోదు, మనిషి బాగుపడాలి.

ఆకారం కత్తితో సరిచేద్దామని పెద్ద పెద్ద సర్జన్లు ప్రయత్నించారు. కార్పెంటియే 1985లో వీపు కండరాన్ని గుండె చుట్టూ చుట్టారు. బ్రెజిల్‌లో బటిస్టా గుండె గోడలో ముక్క కోసేశారు. మొనాకోలో డోర్ మచ్చను మూసి లోపల పట్టీ వేశారు. ఈ చివరి తరహా ఆపరేషన్‌ను బైపాస్‌తో కలిపి 1,000 మందిలో పరీక్షించిన స్టిచ్ పరిశోధన ఫలితం 2009లో వచ్చింది. గది చిన్నదైంది గానీ, బైపాస్ ఒక్కటే చేయించుకున్నవాళ్ల కంటే వీళ్లు ఎక్కువకాలం బతకలేదు, ఆయాసమూ తక్కువ కాలేదు. అదే స్టిచ్‌లోని మరో భాగంలో, మందులతో పాటు బైపాస్ చేసినవాళ్లకు పదేళ్లు తిరిగేసరికి మేలు కనిపించింది.

5. ఆశ అమ్మేవాళ్ల దగ్గర జాగ్రత్త.

మన గుండె కండ కణాలు కొత్తవి పుట్టడం ఎంత తక్కువంటే, పాతికేళ్ల వయసులో ఏడాదికి సుమారు ఒక శాతం. అణుపరీక్షలు గాలిలో వదిలిన కార్బన్ 14 ఆధారంగా స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో ఇది లెక్కగట్టారు. ఆ లోటు మూలకణాలతో తీరుతుందని ప్రపంచమంతా నమ్మిన కాలం ఒకటుంది. చివరికి 2018లో, ఆ రంగంలో పేరుమోసిన అన్వెర్సా ప్రయోగశాలకు చెందిన 31 పత్రాలను వెనక్కి తీసుకోవాలని హార్వర్డే కోరింది. నిజాయితీగా పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. జపాన్‌లోని ఒసాకాలో, జర్మనీలోని గోటింగెన్‌లో కణాలతో పెంచిన కండ పట్టీలను గుండెకు అతికిస్తున్నారు. వాటితో ఎంత మేలో ఇంకా పూర్తిగా తేలలేదు. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో గుండెకు మూలకణాల చికిత్స అనుమతి పొందిన పరిశోధనలో తప్ప చేయకూడదు. ఆ చికిత్సకని ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

6. మంచం బలం ఇవ్వదు.

ఒకప్పుడు పోటు వచ్చినవాణ్ని వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. లెవీన్, లౌన్ 1952లో రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టడంతో ఆ పద్ధతి మారడం మొదలైంది. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం నడవండి.

7. పంపింగ్ పెరిగిందని మాత్రలు ఆపకండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. “పంపింగ్ వచ్చేసింది గదా సార్, ఇంకెందుకు?” అని మానేసి, కాళ్ల వాపులతో తిరిగొస్తారు. గుండెపోటుతో కాక వేరే కారణాలతో గుండె పెద్దదై, మందులతో కోలుకున్నవాళ్లలో బ్రిటన్ వైద్యులు దీన్ని పరీక్షించారు. మందులు ఆపిన ఆరు నెలల్లో దాదాపు 40 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. రక్తం అందేలా చేసింది స్టెంటే కావచ్చు, గుండెను ఆ ఆకారంలో నిలిపి ఉంచుతున్నది మాత్రం ఆ మాత్రలే. దుష్ఫలితాలుంటే, ఖర్చు భరించలేకపోతే డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. మీ అంతట మీరు మాత్రం ఒక్కటి కూడా మానకండి.