పాఠం 9 : బేర్ సరాయ్ - జనజీవనం, జనాభా లెక్క

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- నగర గ్రామం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
- ఢిల్లీ జనాభా పెరుగుదలకు కారణాలు వివరించగలుగుతారు.
- సొంత ఊరు విడిచి ఉంటున్నవారిని ఎక్కడ లెక్కిస్తారో తెలుసుకుంటారు.

9.1 ఊరు

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.కి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పాత ఆవరణకు దగ్గరలో బేర్ సరాయ్ ఉంది. హిందీలో 'బేర్' అంటే రేగుపండు. 'సరాయ్' అంటే బాటసారులు దిగే సత్రం. ఢిల్లీ విస్తరించినప్పుడు ఇటువంటి ఎన్నో పల్లెల పొలాలను ప్రభుత్వం సేకరించింది. ఇళ్ళున్న భాగం మాత్రం మిగిలింది. ఇలా నగరం నడుమ మిగిలిపోయిన పల్లెను 'నగర గ్రామం' అంటారు.

9.2 జనజీవనం

పొలాలు పోయాక ఇటువంటి గ్రామాల వారికి ఇంటి అద్దెలే ముఖ్యమైన ఆదాయమయ్యాయి. ఇరుకు సందుల్లో అంతస్తు మీద అంతస్తు లేచింది. బేర్ సరాయ్‌లో అద్దెకుండేవారిలో విద్యార్థులు, సివిల్ సర్వీసుల వంటి పోటీ పరీక్షలకు చదివేవారు ఎక్కువ. వీరి కోసమే పుస్తకాల దుకాణాలు, జిరాక్సు దుకాణాలు, మెస్సులు వెలిశాయి. మే, జూన్ నెలల్లో రాజస్థాన్ ఎడారి వైపు నుంచి 'లూ' అనే వడగాలి వీస్తుంది. పై అంతస్తు గదుల్లో పగలు చదవడం కష్టం.

9.3 జనాభా లెక్క

ఢిల్లీ జనాభా 1951లో సుమారు 17.44 లక్షలు. 2011లో 167.88 లక్షలు. అంటే 60 ఏళ్ళలో తొమ్మిది రెట్లు దాటింది. ఇందుకు కారణాలు రెండు: మరణాల కంటే జననాలు ఎక్కువ కావడం, వలస.

ఒక ఉదాహరణ చూద్దాం. అనంతపురం జిల్లా యువకుడొకడు ఇద్దరు మిత్రులతో బేర్ సరాయ్‌లో గది తీసుకున్నాడు. 2011లో జనాభా లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజులన్నీ ఢిల్లీలోనే ఉన్నవాణ్ణి ఢిల్లీలోనే లెక్కించాలి. ముగ్గురూ ఒకే పొయ్యి మీద వండుకుంటే, బంధుత్వం లేకపోయినా లెక్కలో ఒకే కుటుంబం. ఊళ్ళో తల్లి కూడా కొడుకు పేరు రాయిస్తే అతడు రెండుసార్లు లెక్కకు వస్తాడు. అక్కడా ఇక్కడా ఎవరూ చెప్పకపోతే అసలు లెక్కకే రాడు.

దీనివల్ల నష్టమేమిటి? 2013 ఆహార భద్రతా చట్టం కింద రాష్ట్రాలకు రేషన్ లబ్ధిదారుల పరిమితిని 2011 లెక్కల ఆధారంగానే నిర్ణయించారు. లెక్కకు రాని మనిషికి ప్రణాళికలో చోటుండదు.

అద్దెదారుల సంగతి చెబితే పన్ను పడుతుందని కొందరు యజమానులు భయపడవచ్చు. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఈ వివరాలు రహస్యం. 2021లో జరగవలసిన లెక్క కోవిడ్ వల్ల వాయిదా పడింది. తరువాతి లెక్కకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా 2025లో ప్రకటించారు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. నగర గ్రామం ఎలా ఏర్పడుతుంది?
2. గదిలో ముగ్గురు వేరువేరుగా వండుకుంటే అవి ఎన్ని కుటుంబాలు?
3. మీ ఇంటి నుంచి వేరే ఊళ్ళో ఉంటున్నవారెవరు? వారిని ఎక్కడ లెక్కించాలి? మీ కారణం రాయండి.

(జవాబులు: 1. 9.1 చూడండి. 2. మూడు. 3. మీ ఇంటివారితో చర్చించి రాయండి.)