రూట్ అంటే వేరు

పిల్లలూ! ఈమధ్య మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు క్లాసులో దిగులుగా కూర్చున్నాడు. ఏమైందని అడిగాం. వాళ్ల నాన్నగారి పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను "రూట్" చేయబోయి, అందులోని ఫొటోలన్నీ పోగొట్టాడట. కిందటి ఊళ్లో స్నేహితులతో దిగిన ఫొటోలు కూడా వాటిలోనే ఉన్నాయి. బదిలీల మీద తిరిగే మనకు వాటి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఈసారి పాఠానికి ఆ మాటనే తీసుకున్నాం.

మాట వెనుక కథ

రూట్ అంటే వేరు. ఆండ్రాయిడ్‌కు ఆధారం లినక్స్. అందులో ఫైళ్లన్నీ చెట్టు కొమ్మల్లా ఒకదాని నుంచి ఒకటి చీలుతాయి. వాటి మొదలును రూట్ అంటారు. మొత్తం వ్యవస్థ మీద అధికారం ఉన్న వాడుకరి పేరు కూడా రూటే. అతని సంఖ్య 0. ఒక యాప్ మరో యాప్ సమాచారంలో చేయి పెట్టకుండా ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌కు ఒక్కో సంఖ్య ఇస్తుంది. రూట్‌కు మాత్రం ఈ అడ్డు ఉండదు.

మనం ఉండే ప్రభుత్వ క్వార్టర్‌నే చూడండి. కర్టెన్లు కట్టుకుంటాం, క్యాలెండర్ తగిలించుకుంటాం. గోడ పగలగొట్టం. కొత్త ఫోన్‌లోనూ మన అధికారం అంతవరకే. "క్వార్టర్ ప్రభుత్వానిది, ఫోన్ మేం కొనుక్కున్నదే కదా!" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌తో పాటు వచ్చిన అక్కర్లేని యాప్‌లను పూర్తిగా తీసేయడానికీ, వ్యవస్థలో మార్పులు చేసుకోవడానికీ చాలామంది అందుకే రూట్ చేస్తారు.

తెలుగు కోసం రూట్

2011 ప్రాంతంలో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంట్ ఉండేది కాదు. తెలుగు వార్త తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఫాంట్లుండే సిస్టమ్ ఫోల్డర్‌లో కొత్తది పెట్టే అధికారం మనకు లేదు. అందుకని కొందరు ఫోన్‌ను రూట్ చేసి, తెలుగు ఫాంట్‌ను అందులో చేర్చుకున్నారు. మరికొందరు రూట్ జోలికి పోకుండా ఒపెరా మినీ బ్రౌజర్‌తో పని జరుపుకున్నారు. అందులో మన లిపిని బొమ్మల రూపంలో చూపించే ఏర్పాటు ఉండేది. ఇప్పటి ఫోన్లలో తెలుగు ముందే ఉంటుంది. ఆ అవసరం తీరిపోయింది.

చెల్లించే మూల్యం

రూట్ చేయాలంటే సాధారణంగా ముందు బూట్‌లోడర్ తాళం తీయాలి. అది తీయగానే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. మా విద్యార్థికి జరిగింది ఇదే. వారంటీ పోవచ్చు. కొన్ని బ్యాంకు, యూపీఐ యాప్‌లు పనిచేయకపోవచ్చు. మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోవచ్చు. తెలియక ఒక చెడ్డ యాప్‌కు రూట్ అనుమతి ఇస్తే, ఇల్లంతా దాని చేతిలో పెట్టినట్టే. మధ్యలో తప్పు జరిగితే ఫోన్ అసలు ఆన్ కాకపోవచ్చు.

మన దీవుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, ఇతర దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక నెట్ మెరుగైంది. ఫోన్ బాగు చేయించుకోవడం మాత్రం అంత సులువు కాలేదు. కార్ నికోబార్ వంటి చోట ఉన్నవారికి అది ఓడ ప్రయాణంతో ముడిపడ్డ పని.

కాబట్టి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నాకు కావలసింది ఏమిటి? రూట్ లేకుండా అది కుదరదా? ఈ ఫోన్‌లో ఉన్నవాటికి మరోచోట కాపీ ఉందా? ఆ తర్వాత ఇంట్లో పెద్దలను అడగండి. వాడకంలో ఉన్న ఫోన్ మీద ప్రయోగం వద్దు.

అభ్యాసం

1. "వేరు", "వేలు" రెండింటికీ బహువచనం "వేళ్లు". రెండు అర్థాల్లోనూ ఒక్కో వాక్యం రాయండి.

2. "వేరు" అనే మాటకు చెట్టు వేరు కాక ఇంకో అర్థం ఏమిటి?

3. పెద్దల అనుమతితో ఫోన్ భాషను తెలుగుకు మార్చి, కొత్తగా కనిపించిన ఐదు మాటలు రాసుకురండి.

4. ఇంట్లోని పాత ఊళ్ల ఫొటోలకు ఈ వారమే మరో కాపీ తీసి పెట్టండి.