మాట వినబడింది, అర్థమైందా?

ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి మాట్లాడే భాషలోనే పంపామని, విషయాన్ని వారికి విడమరచి చెప్పడానికే అలా చేశామని దివ్యఖుర్ఆన్‌లో అల్లాహ్ తెలియజేశాడు (14:4). అంటే సందేశం చెవిన పడితే చాలదు, మనసుకు అందాలి. భాషల వైవిధ్యం కూడా అల్లాహ్ సూచనల్లో ఒకటి (30:22). కనుక మనం ఏ భాషనూ చిన్నచూపు చూడరాదు.

మాటకు అర్థం ఎలా వస్తుంది? చెప్పేవారూ వినేవారూ దాన్ని ఒకే విధంగా వాడటం వల్ల వస్తుంది. నకిరేకల్‌లో మనం రోజూ వాడే మాటలే చూద్దాం. 'బాకీ' అంటే అరబీలో మిగిలి ఉన్నది. కిరాణా కొట్టులో బాకీ అంటే తీర్చవలసిన అప్పు. ఇంట్లో నానీ "ఇస్కా మతలబ్ క్యా?" అంటే అర్థం అడుగుతున్నట్లు. బజారులో "ఇందులో ఏదో మతలబు ఉంది" అంటే అనుమానిస్తున్నట్లు. మాట ఒక్కటే, భావాలు రెండు.

కొట్టు దగ్గర పొరబడితే నవ్వుకుని సరిదిద్దుకుంటాం. నికాహ్ వేళ పొరబడితే?

వెంటనే చెల్లించవలసిన మహర్‌ను 'ముఅజ్జల్' అంటారు. గడువు పెట్టి తరువాత చెల్లించే మహర్‌నూ 'ముఅజ్జల్' అనే అంటారు! అరబీలో మొదటి మాటకు 'ఐన్', రెండో మాటకు 'హమ్జా' ఉంటుంది. కొందరు రెండోదాన్ని 'మువజ్జల్' అని వేరుచేసి పలుకుతారు. కానీ మన నోట చాలాసార్లు రెండూ ఒకేలా వినిపిస్తాయి. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి ఆ మాట విని తల ఊపుతుంది. ఆ సొమ్ము ఈరోజే తన చేతికి రావాలా, తరువాత రావాలా అన్నది ఆమెకు తెలియదు. అడగడానికి సిగ్గు. చెప్పడానికి పెద్దలకు తీరిక లేదు.

మహర్‌ను సంతోషంగా చెల్లించమని అల్లాహ్ ఆదేశం (4:4). గడువు మహర్ భర్తపై అప్పు. అతను మరణిస్తే, ఆస్తి పంచుకోకముందే ఆ అప్పు తీర్చాలి. తనకు రావలసినదేమిటో తెలియని స్త్రీ దాన్ని ఎలా అడుగుతుంది?

కనుక మనం మూడు పనులు చేద్దాం. నికాహ్‌కు ముందే మహర్ ఎంత, ఇప్పుడెంత, తరువాతెంత, ఎప్పటిలోగా అన్నది అమ్మాయికి తెలిసిన భాషలో చెబుదాం. గడువుపై తీసుకున్న అప్పును రాసుకోమన్నది ఖుర్ఆన్ బోధ (2:282). కాబట్టి నికాహ్‌నామాలో ఆ మాట పక్కనే 'ఇప్పుడే చెల్లించాలి' అనో, 'ఫలానా తేదీలోగా చెల్లించాలి' అనో తెలుగులో రాయిద్దాం. చివరగా, ఆమెకు ఏమి అర్థమైందో ఆమె మాటల్లోనే చెప్పమందాం. తల ఊపితే విన్నట్లే. తిరిగి చెప్పగలిగితేనే అర్థమైనట్లు.

స్పష్టంగా చెప్పే నాలుకను, అర్థం చేసుకునే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.