ధారాళ పఠనం: ప్రాథమిక తరగతుల్లో అభ్యాసం

నేపథ్యం
జాతీయ విద్యా విధానం–2020 పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానాలకు ప్రథమ ప్రాధాన్యం ఇచ్చింది. వీటి సాధనకు కేంద్రం 2021 జులై 5న 'నిపుణ్ భారత్' మిషన్‌ను ప్రారంభించింది. పరిధి 3–9 ఏళ్ల పిల్లలు, గడువు 2026–27. 2వ తరగతి ముగిసేసరికి నిమిషానికి 45–60 పదాలు, 3వ తరగతి ముగిసేసరికి కనీసం 60 పదాలు తప్పుల్లేకుండా, అర్థం గ్రహిస్తూ చదవాలి.

నిర్వచనం
కచ్చితత్వం, తగిన వేగం, భావానుగుణ స్వరం కలిసినదే ధారాళ పఠనం. లాబెర్జ్, శామ్యూల్స్ ప్రతిపాదించిన స్వయంచాలకతా సిద్ధాంతం (1974) ప్రకారం, అక్షరాలను పోల్చుకోవడానికే ధ్యాసంతా ఖర్చయితే అర్థగ్రహణానికి ఏమీ మిగలదు.

తెలుగు లిపిలో అవరోధాలు
గుణింతాలు దాటిన పిల్లలు సైతం ఒత్తుల దగ్గర తడబడతారు. ఉదాహరణకు, నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు తీర మండలం. అక్కడి కోడూరు వంటి సముద్రతీర గ్రామాల పిల్లలకు పరిచయమైన మాటల్లోనే ఒత్తక్షరాల మూడు రకాలూ దొరుకుతాయి.

ద్విత్వాక్షరం: హల్లుకు అదే హల్లు ఒత్తు. ఉదా: రొయ్య, ఉప్పు.
సంయుక్తాక్షరం: హల్లుకు వేరొక హల్లు ఒత్తు. ఉదా: సముద్రం.
సంశ్లేషాక్షరం: రెండుకు మించిన హల్లుల కలయిక. ఉదా: మత్స్యకారులు.

రొయ్య అంటే ఏమిటో ఆ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కన్ను ఆగేది లిపి మీద. అందువల్ల తెలిసిన మాటలతో ఒత్తుల అభ్యాసం మొదలుపెట్టడమే సరైన క్రమం. మరో అంశం: విభక్తి ప్రత్యయాలు చేరి తెలుగు పదం పొడవవుతుంది, 'సముద్రంలోకి' ఒకే పదం. కాబట్టి నిమిషానికి ఇన్ని పదాలన్న కొలతతో వేర్వేరు భాషల పిల్లలను పోల్చడం సరికాదు.

అభ్యాస పద్ధతులు
పునఃపఠనం (శామ్యూల్స్, 1979) ముఖ్యమైనది. ఒక చిన్న పేరాను నిర్ణీత స్థాయి అందేవరకు మళ్లీ మళ్లీ చదివించి, తర్వాతే మరో పేరాకు వెళ్లాలి. ఉపాధ్యాయుని వెంట చదివే ప్రతిధ్వని పఠనం, బృంద పఠనం, జంట పఠనం అనుబంధ పద్ధతులు. తరగతిలో వంతులవారీగా తలా రెండు వాక్యాలు చదివించడం వీటికి ప్రత్యామ్నాయం కాదు. అందులో ఒక్కొక్కరికి దక్కే అభ్యాసం అతి స్వల్పం.

మూల్యాంకనం
ప్రథమ్ సంస్థ 2005లో ప్రారంభించిన 'అసర్' సర్వేలో ప్రతి బిడ్డనూ విడిగా చదివిస్తారు. స్థాయిలు: అక్షరాలు, పదాలు, 1వ తరగతి పేరా, 2వ తరగతి కథ. పేరాను నెమ్మదిగా చదివినా ఫర్వాలేదు. విడివిడి పదాలుగా కాక వాక్యాలుగా, మూడుకు మించని తప్పులతో చదివితే ఆ స్థాయి అందుకున్నట్లే.