మైనపు పురుగుకు నూనెలు: ఎక్కడ వాడాలి? ఎక్కడ వద్దు?

పల్నాడులో మిర్చి కోతలు ముగిసి, పత్తి కట్టె పీకేశాక పొలాల్లో పూత తగ్గిపోతుంది. తేనెటీగలకు అది ఆకలి కాలం. ఈగల బలం తగ్గిన పెట్టెల్లో మైనపు పురుగు చేరేదీ అప్పుడే. రెండు మూడు పెట్టెలు పెట్టుకున్న చిన్న రైతుకు ఒక్క పెట్టె ఖాళీ అయినా పెద్ద దెబ్బే. పురుగు మందు కొడితే ఈగలే చస్తాయి. అందుకే రైతులు నూనెలవైపు చూస్తారు. అయితే వాటినీ చోటు తెలిసి వాడాలి.

గుర్తించడం ఇలా

బూడిద రంగు రెక్కల పురుగు రాత్రిపూట పెట్టెలో దూరి సందుల్లో గుడ్లు పెడుతుంది. వేడి రోజుల్లో వారం అటూఇటూగా పిల్ల పురుగులు బయటికొస్తాయి. అవి అట్టలో సొరంగాలు చేసి, బూజులాంటి దారాలు అల్లి, మైనం, పుప్పొడి తింటాయి. అడుగుపలక మీద నల్లటి రవ్వలాంటి రెట్ట కనపడితే పురుగు చేరినట్లే. ముదిరితే ఈగలు పెట్టె వదిలి లేచిపోతాయి. కిలో మైనం తయారుకు ఈగలు ఆరేడు కిలోల తేనె ఖర్చు చేస్తాయని అంచనా. అంటే అట్ట పోతే తేనె పోయినట్లే.

ఈగలున్న పెట్టెలో నూనె చల్లొద్దు

చేలో మేలు చేసే వేపనూనె ఈగపిల్లలకు హాని చేస్తుంది. ఘాటు నూనెల వాసన తేనెకు, మైనానికి పడుతుంది. పైగా పత్తికాయలో దాగిన గులాబీరంగు పురుగుకు మందు అందనట్లే, బూజు లోపలి పురుగుకు నూనె అందదు.

నిల్వ అట్టలకు వాడండి

వాము, లవంగం, నీలగిరి నూనెల ఘాటు ఖాళీ అట్టల నిల్వలో పనికొస్తుంది. గట్టిగా మూతపడే పెట్టెలో అట్టలు పేర్చి, చిన్న మూకుడులో దూది పెట్టి కొద్ది చుక్కలు వేయండి. నూనె అట్టకు తగలకూడదు. గుడ్లు మిగిలే అవకాశం ఉంది కనుక వారానికోసారి విప్పి చూడండి. ఈగలకు ఇచ్చే ముందు వాసన పోయేదాకా నీడలో గాలికి ఆరబెట్టండి.

పాలిథిన్ కవరులో చుట్టేస్తే చాలనుకోవద్దు. ఈ పురుగు పాలిథిన్‌కూ చిల్లులు పెడుతుందని స్పెయిన్‌లోని శాస్త్రవేత్తలు 2017లో వెల్లడించారు. డీప్ ఫ్రీజర్ అందుబాటులో ఉంటే అట్టలను ఒక రోజంతా అందులో ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. ఎండలో పెడితే పురుగులు బయటికొస్తాయి గానీ, రెంటచింతల ఎండకు మైనం మెత్తబడి అట్ట జారిపోతుంది. ఉదయం కాసేపే పెట్టండి.

బలమైన పెట్టే అసలు మందు

* ఈగలు కప్పని అట్టలు తీసేయండి. నల్లబడ్డ పాత అట్టలు కరిగించండి.
* పెట్టె పగుళ్లు మూసి, ద్వారం చిన్నది చేయండి.
* వారం, పది రోజులకోసారి అడుగుపలక గీకి శుభ్రం చేయండి. గీకిన చెత్తను కాల్చేయండి.
* పూత లేనప్పుడు చక్కెర, నీళ్లు సమంగా కలిపి సాయంత్రం పూట పెట్టండి. దగ్గర్లో నీళ్లు, పెట్టెకు నీడ ఉండాలి.
* బలహీనమైన పెట్టెను బలమైన దానిలో కలిపేయండి.

ఈగలు నిండుగా ఉన్న పెట్టెలో మైనపు పురుగును అవే ఈడ్చి పారేస్తాయి. నూనె సీసా కొనేముందు పెట్టె మూత తీసి, ఎన్ని అట్టల మీద ఈగలున్నాయో లెక్క చూసుకోండి.